వాకిలికి వీపు పెట్టి

ప్రొద్దుటూరులో మోమోల ఆవిరి వాసన తగిలితే నాకు మా నాయన వీపు కనిపిస్తుంది.

పార్టీ కక్షల రోజులవి. ఇంట్లో కూడా నాయన వాకిలి వైపు చూస్తూనే అన్నం తినేవాడు. ఆ చలికాలం నన్ను మా పల్లె నుంచి ప్రొద్దుటూరికి తీసుకొచ్చి, స్వెటర్లమ్మే టిబెట్ వాళ్ల చిన్న హోటల్లో మాత్రం వాకిలికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"నాయనా, ఈ పక్క కూచో. ఎవురన్నా వస్తే?"

"ఈడ మనమెవురో ఎవురికీ తెలీదులే పాపా. ఆ కజ్జికాయ తింటావా, నేను మింగేదా?" అని మోమో చూపించి నవ్వినాడు.

మా నాయన తెలియని వాళ్లుంటారా అని నాకు చిన్నతనమనిపించింది.

మరుసటి చలికాలం మళ్లీ స్వెటర్ల వాళ్లు వచ్చేసరికి నాయన లేడు. మా వాకిట్లోనే నరికారు. ఆయన అంతదూరం వచ్చి తిన్నది తానెవరో ఎవరికీ తెలియనితనాన్నే అని ఇప్పుడనిపిస్తుంది.

నేను మాత్రం ఈనాటికీ వాకిలి వైపు తిరిగే తింటాను.