సెవెడే గీసిన నీళ్ల ఊరు

లాగోస్ మడుగులో కర్రల మీద నిలబెట్టిన మా ఇళ్ల మధ్య, పడవల ముక్కులకు పేర్లు రాసి బతికేవాడు సెవెడే. నేను అతని పక్కింట్లో చేపలు పొగబెట్టి అమ్మేదాన్ని.

అతని భార్య వియావో కాన్పు నొప్పులతో పడవలోనే పోయింది. అప్పటికి ఆసుపత్రి గట్టు కళ్లెదుటే ఉందట. ఆ ఏడు సెవెడే బడి చెక్కగోడ మీద పెద్ద బొమ్మ మొదలుపెట్టాడు. వందేళ్ల తర్వాతి మా ఊరది. ఇళ్లు కర్రల మీదే ఉన్నాయి, కానీ ఎండను తాగి రాత్రంతా వెలుగుతున్నాయి. పడవలు నీటికి జానెడు ఎత్తున ఎగురుతున్నాయి. పిల్లలు చుక్కల మధ్య వలలు విసురుతున్నారు. నడుమ తేలే ఆసుపత్రి, దాని వాకిట్లో డాక్టరు కోటుతో వియావో.

ఊరంతా వచ్చి తమనూ గీయమన్నారు. నేనూ అడిగాను.

"వందేళ్లకి నువ్వుంటావా అక్కా?"

"పొగ పట్టినదాన్ని, పాడవను. గియ్యి."

నవ్వి, నాకు వెండిరంగు గౌను తొడిగాడు.

ఒకరోజు నగరం నుంచి ఒకామె వచ్చి ఫోటోలు తీసుకుంది. నల్లవాళ్ల రేపటిని నల్లవాళ్లే గీసుకోవాలని ఆమె అంటే సెవెడే పొంగిపోయాడు. ఆమె ఇచ్చిన కాగితం మీద చూపించినచోట సంతకం పెట్టాడు.

ఎండాకాలం వచ్చేసరికి వంతెన పక్కన పెద్ద బోర్డు లేచింది. అవే ఇళ్లు, అవే పడవలు. మనుషుల్ని మాత్రం తుడిచేశారు. కింద, ఫ్లాట్లు అమ్మకానికి ఉన్నాయని ఒక కంపెనీ పేరుతో రాసి ఉంది. వారం లోపల ఖాళీ చేయమని మాకు నోటీసు కూడా వచ్చింది.

నేనూ సెవెడే ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్లాం. అక్కడి మేనేజరు మర్యాదగానే కూర్చోబెట్టాడు. బొమ్మ ఎందుకు వాడుకున్నారని సెవెడే అడగలేదు.

"మా మనుషులేరీ సార్?" అన్నాడు.

"కొనేవాళ్లు అక్కడ తమని తాము ఊహించుకోవాలి కదండీ. మీవాళ్లుంటే కుదరదు."

"ఆసుపత్రి వాకిట్లో ఉన్నది నా భార్య."

మేనేజరు కాగితాలు సర్దుకుంటూ, బొమ్మ చాలా బాగా వేశారని మెచ్చుకున్నాడు.

ఎనిమిదో రోజు పొద్దున్నే రంపాలతో దిగారు. గోడను విప్పి తీసుకుపోతామని బతిమాలినా వినలేదు. ఇళ్ల కర్రలతో పాటు బడి కర్రలూ కోసేశారు. గోడ బోర్లా నీళ్లలో పడి ముక్కలైంది. తేలిన చెక్కల్ని దొరికినవాళ్లు దొరికినట్టు ఏరుకున్నాం. నేను నావి ఆరబెట్టి పొయ్యిలో పెట్టాను. పిల్లలకు గంజి కాయాలి మరి.

సెవెడే ఇప్పుడు బడాగ్రీ దారిలో ఒక అద్దెగదిలో ఉంటున్నాడు. చేతిలో పనితనం ఉన్నవాడని ఆ కంపెనీవాళ్లే కబురు పెట్టారు. మా ఊరున్న చోట కట్టిన కొత్త గట్టు పొడవునా 'ఇక్కడ పడవలు ఆపరాదు' అని బోర్డులు రాశాడు. ఒళ్లు మండి, ఎలా రాయగలిగావురా అని అడిగాను.

"అక్షరాలు కుదిరాయా లేదా, అది చెప్పక్కా," అన్నాడు.

కుదిరాయి. వంతెన మీద నుంచి కూడా చదవొచ్చు.