ఆరింటి టీ, వార్తల ఇంగ్లీషు

కార్ఖానా ఏరియాలో మా ఇంటి వెనక స్కూల్లో నేనిప్పుడు కూర్చునే ఫ్రంట్ ఆఫీసు కుర్చీ అప్పట్లో ఖాళీగా ఉండేది. ఇంగ్లీషు మాట్లాడటం రావాలన్నారు. నాకు చదివితే అర్థమయ్యేది, నోరు తెరిస్తే మాత్రం మాట పెగిలేది కాదు. మా ఆయన ఒక వెబ్‌సైటు వెతికి పెట్టారు. అందులో ఏ రోజు వార్తలు ఆ రోజు తేలిక ఇంగ్లీషులో రాసి, చదివి వినిపిస్తారు. ఇంట్లో ఒక రూలు పెట్టుకున్నాం. సాయంత్రం ఆరింటికి టీ తాగుతూ ఆ వార్తల గురించి ఇంగ్లీషులోనే మాట్లాడుకోవాలి. సొంత సంగతులు ఎత్తకూడదు, ఎత్తితే తెలుగులోకి జారిపోతామని ఆయన భయం.

అలా నేను వరదలు, ఎన్నికలు, కాల్పుల విరమణల గురించి ధారాళంగా మాట్లాడటం నేర్చుకున్నాను. రేపు అర లీటరు పాలు ఎక్కువ కావాలని ఇంగ్లీషులో చెప్పమంటే తడబడేదాన్ని. మా పాలవాడు అలా ఎప్పుడూ అడగలేదు.

ఇంటర్వ్యూ ఇంకో వారం ఉందనగా, బోయిగూడలో ఉండే మా పెద్దాడపడుచు ఫోన్ చేసింది. అటూ ఇటూ స్పీకరే. అక్కడ ఇంటిల్లిపాదీ వింటున్నారు. నేను వంటింట్లో ఉన్నానని మరిచిపోయి మా ఆయన అన్నారు కదా, "ఆమెకేం ఇంగ్లీష్ వస్తదక్కా! ఊకె టైంపాస్. ఉద్యోగం ఎవడిస్తడు?" అటువైపు అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది, అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. రోజూ నా ముందు "మస్తు మాట్లాడుతున్నవ్" అనే మనిషే మరి.

ఆయనతో మాటలు మానేశాను. ఇంటర్వ్యూ ఉంది కాబట్టి పాఠం మాత్రం మానలేదు. పగలంతా ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఆరు కాగానే ఎదురెదురుగా కూర్చుని ఏదో దేశంలో రైతుల సమ్మె గురించి మర్యాదగా చర్చించుకునేవాళ్లం. టీ కప్పులు సింకులో పడగానే మళ్లీ మౌనం.

ఒక సాయంత్రం వార్తల్లో ఎక్కడో ఒక మంత్రి నోరు జారాడు. ప్రతిపక్షం అలిగి సభకు రానంటోంది. ఆ మంత్రి పాపం చాలా బాధపడుతూ ఉంటాడని మా ఆయన ఇంగ్లీషులో అన్నారు. వార్తలో అలా లేదన్నాను. ప్రతిపక్షం పెద్ద మనసు చేసుకుంటే బాగుంటుందన్నారు.

"నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. గదిలో కూర్చుని బాధపడితే చెల్లదు" అన్నాను, ఎక్కడా తడుముకోకుండా, ఇంగ్లీషులోనే.

ఆయన అలవాటు ప్రకారం నా మాటల్లో తప్పు వెతికారు. దొరకలేదు. ఫోన్ తీసి, వాళ్లక్కకు కలిపి స్పీకర్ పెట్టారు.

"అక్కా, ఇంట్ల అందర్ని జెర పిలువు. మొన్న నేను తప్పు మాట్లాడిన. ఇంగ్లీష్ ఆమెకు నాకన్న మంచిగొస్తది. ఇప్పుడే నా నోరు మూయించింది."

అటువైపు ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. టీ ఇంకా పూర్తి కాలేదు కాబట్టి, తెలుగు మాట్లాడకూడదని ఆయనకు ఇంగ్లీషులోనే గుర్తు చేశాను.