కాగు అడుగున ఎర్రమచ్చ

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఉరుకుందమ్మ నోటికి జడవనివాళ్లు లేరు. ఆ నోటికి సగం బలం ఆమె పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి కాగు. నలభై ఏళ్లు ఇంటిల్లిపాదికీ నీళ్లు కాచింది. "నా కాగుకు ఒక్క అతుకు సూపీ మే, సూస్తా!" అని ఎదురింటి నాగలక్ష్మమ్మను ఎన్నిసార్లు దెప్పిందో. ఆ మహాతల్లి కాగుకేమో అతుకుల మీద అతుకులు.

ఇప్పుడు నీళ్లు కాచడానికి కరెంటు మిషను వచ్చింది. ఖాళీ అయిన కాగును ముందరింట్లో పెట్టి నలుగురికీ చూపాలని ఉరుకుందమ్మ పెరట్లో బోర్లించింది. చింతపండు పిసికి, ఉప్పూ ఇటుకపొడీ కలిపి, కొబ్బరి పీచుతో పట్టింది. పక్కలు పచ్చగా తేలాయి. అడుగే మొండికేసింది. మసి కింద మట్టి, మట్టి కింద మళ్లీ మసి. పొయ్యికెక్కించే ముందు అడుగుకు మట్టి మెత్తడం ఆ ఇంటి అలవాటు. మొదటి ఏడాది తప్ప, ఉరుకుందమ్మ అత్త ఉన్నన్నాళ్లూ ఆమే మెత్తేది. ఆమె పోయాక ఉరుకుందమ్మ పాత మట్టి మీదే కొత్త మట్టి మెత్తుతూ వచ్చింది.

గీకగా గీకగా అరచేయంత ఎర్రమచ్చ బయటపడింది. పులుపు ఎక్కువై ఇత్తడి ఎర్రబారిందనుకుని బూడిదతో తోమింది. పోలేదు. గోరుతో గీస్తే అంచు తగిలింది. రాగి రేకు!

"శివలీలా, ఈడికి రా! ఇదేందో సూడు."

కోడలు వంగి చూసింది. "అతుకే అత్తా. ఎవురు ఏపిచ్చినారు?"

"నేనైతే కాదు."

ఉరుకుందమ్మ చేతిలో పీచు ఆగిపోయింది. తొలికాన్పుకు పుట్టింటికి పోయి వచ్చిన రోజే కదా, అత్త కాగు లాక్కుని "మట్టి నేను మెత్తుతా, నీకు సేతకాదు" అనింది? మట్టి మెత్తడం చేతకాని ఆడది ఎక్కడైనా ఉంటుందా అని ఎంత రాద్ధాంతం చేసింది తను!

"నేను లేనప్పుడు ముసల్ది ఎంత పని సేసిందే! నా నోటికి బయపడి దాసిపెట్టిందంటావా?"

"ఏమో అత్తా. నువ్వు మురుస్తాంటే సూసి ఊరకుండిందేమో. ఒక్క మాటంటే నీ నోరు మూతపడేది గదా."

ఇంతలో వాకిట్లో నాగలక్ష్మమ్మ గొంతు. "కాగు తోమడం అయినాదా అక్కా?"

శివలీల గబుక్కున కాగును తిప్పబోయింది. ఉరుకుందమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"రా మే. సూడు, మా అత్త ఏపిచ్చిన అతుకు. ఇన్నేండ్లలో సుక్క నీళ్లు కారలేదు. నీ అతుకుల్లో ఒక్కటన్నా ఇంత సక్కంగా ఉండాదా?"

"ఓయమ్మా! అయితే అతుకు ఉండాదన్నమాట!" నాగలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడి నవ్వింది.

"నవ్వు, నవ్వు. కండ్లు తుడుసుకోని మల్లా సూడు."

సాయంత్రానికి కాగు ముందరింట్లోకి వచ్చింది, బోర్లించినట్టే.