శనివారం తెల్ల డ్రెస్సు

మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. దాచిపెట్టింది కాదు, ఎదురుగానే ఉంటుంది. అయినా మా ఆయన వంటింటి గడపలో నిలబడి "ఉప్పు ఏడుంది?" అని అడుగుతాడు. నేను చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని "నీ ముక్కు ముందల్నే" అని అరిచి, భీమ్‌గల్ బస్సుకు పరుగెడతాను. ఆర్మూర్‌లో మాకు తెల్లవారడం ఇలాగే ఉంటుంది.

నేను భీమ్‌గల్ వైపు ఒక ప్రభుత్వ బడిలో టీచర్‌ని. మా ఆయనది పసుపు, మక్కజొన్న వ్యవసాయం. ఇంట్లో ఇంకా మా అత్తమ్మ, ఏడో తరగతి చదివే మా పాప. వంట, బట్టలు, టిఫిన్ డబ్బాలు, గ్యాస్ బుకింగు, పాలాయనతో తగవు, అన్నీ నావే. ఎవరూ నా నెత్తిన పెట్టలేదు. ఎవరైనా చెయ్యి పెట్టబోతే "జరుగు, నేను చేస్త" అనేది నేనే.

మొన్న పసుపు తవ్వకాలప్పుడు మా హెడ్మాస్టరు గారు రిటైరయ్యారు. ఆయన స్థానంలో ఇన్‌చార్జిగా ఉంటారా అని మండల విద్యాధికారి నన్ను అడిగారు. శనివారం సాయంత్రం లోపు ఏదో ఒకటి చెప్పాలి. నాకు ఆ పని కావాలి. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు గొళ్ళెం నుంచి తాళం పడి ఉన్న పుస్తకాల బీరువా దాకా ఏమేం చేయాలో ఎప్పటినుంచో నా బుర్రలో తిరుగుతూనే ఉంది. కానీ ఇన్‌చార్జి అంటే అందరికన్నా ముందు బడికి చేరాలి. పొద్దున్నే మొదటి బస్సు పట్టుకోవాలి. మరి ఇల్లు?

"నాతోని కాదని చెప్త," అన్నాను ఆ రాత్రి అన్నాల దగ్గర. ఆ మాట అన్నందుకు నాకే కోపం వచ్చింది.

అత్తమ్మ కంచంలోంచి తలెత్తింది. "ఎందుకు కాదు?"

"ఇల్లెవరు చూస్తరు అత్తమ్మా?"

"పసుపు ఉడకవెట్టేటప్పుడు మంట వెట్టుడు, పుల్ల గుచ్చుడు, ఎండవోసుడు అన్నీ ఒక్కలే చేస్తరా?"

మా ఇంట్లో పసుపు ఉడకబెట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఉడికిందో లేదో తెలియాలంటే కొమ్ములో సన్నటి పుల్ల గుచ్చి చూస్తారు. సాఫీగా దిగితే ఉడికినట్టు. ఆ పుల్ల ఎవరి చేతిలో ఉంటే ఆ పూటకు మాట వాళ్ళది. పక్కవాళ్ళు ఇంకో పుల్ల పట్టుకుని రాకూడదు, "ఇంకొంచెం ఉండనీ" అని గొణగకూడదు. ఇద్దరు గుచ్చితే ఒకరు దించమంటారు, ఒకరు ఉంచమంటారు, మధ్యలో పసుపు చెడుతుంది.

"వంట పుల్ల నాకియ్యి," అంది అత్తమ్మ. "బట్టల పుల్ల వానికియ్యి. పిల్ల డబ్బా పిల్లనే కట్టుకుంటది. శనివారం దాంక చూద్దాం, ఇల్లు నిలవడ్తదో కూలుతదో."

మా ఆయన హాయిగా నవ్వాడు. "పసుపు ఎండవెట్టెటోనికి బట్టలు ఎండవెట్టుడు ఒక పనా?"

నేను అక్కడే భయపడాల్సింది.

మర్నాటి నుంచే మొదటి బస్సు ఎక్కడం మొదలుపెట్టాను. అత్తమ్మ పప్పులో చింతపులుపు నషాళానికి అంటింది. నోరు మెదపలేదు. నోరు మెదపకుండా ఉండటం నాకెంత కష్టమో మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరినడిగినా చెబుతారు. పాప రోజూ డబ్బాలో అటుకులే పెట్టుకుపోయింది. అదీ ఓర్చుకున్నాను.

గురువారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పాప వాకిట్లో ఏడుపు మొహంతో నిలబడి ఉంది. చేతిలో శనివారం వేసుకునే తెల్ల డ్రెస్సు. దాన్ని తెల్ల డ్రెస్సు అనడం అలవాటు కొద్దీ మాత్రమే. మా ఆయన బట్టలు శుభ్రంగానే ఉతికాడు. ఉతికినవాటిని తీగ మీద వేయకుండా, పసుపు ఎండబోసే టార్పాలిన్ మీద, ఒకదాని మీద ఒకటి పడకుండా పలచగా పరిచాడు. రెండు వైపులా సమంగా ఎండాలని మధ్యలో తిరగేశాడు కూడా. టార్పాలిన్‌కు అంటుకున్న పసుపు పొడినంతా తడిబట్టలు తాగేశాయి.

"జర సబ్బు వెట్టి చూసిన," అన్నాడు నెమ్మదిగా. సబ్బు తగిలిన చోటల్లా పసుపు ఎర్రగా మారి కూర్చుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పసుపులోనే ఉన్న మనిషి!

నవ్వు తర్వాత వచ్చింది, ముందైతే అరిచాను. "రేపు సెలవు వెడ్త. నేనే చూస్కుంట," అని బకెట్ అందుకున్నాను.

అత్తమ్మ నా చేతిలోంచి బకెట్ లాగేసింది. "బట్టల పుల్ల ఎవరి చేతిల ఉన్నది?"

"ఎల్లుండి పిల్ల ఏం తొడుక్కుంటది అత్తమ్మా?"

"ఫికర్ చెయ్యకు," అన్నాడు మా ఆయన. "సబ్బంత పోయేదాంక జాడిచ్చి, రేపు దినమంత ఎండల ఏస్త. పసుపు ఎండకు నిలవదు. గీసారి తీగె మీదనే ఏస్త."

శుక్రవారం బడిలో ఎన్నిసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నానో. చేయలేదు. సాయంత్రానికి ఎరుపు పోయింది. కాలర్ దగ్గర, జేబు కింద లేత పసుపు నీడ మిగిలింది. నేను పెదవి విరిచేలోగా పాప "బాగనే ఉన్నది" అని డ్రెస్సు లాక్కుపోయింది.

శనివారం పాప నిద్ర లేవకముందే నేను బస్సులో ఉన్నాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. తోటి పిల్లలు నవ్వితే? క్లాసు బయట నిలబెడితే? పిల్ల ఏడుస్తూ వస్తే ఇక మాటల్లేవు, ఇన్‌చార్జి వద్దని చెప్పేయడమేనని గట్టిగా అనుకున్నాను.

సాయంత్రం నేను వచ్చేసరికి పాప గడప మీద కూర్చుని మక్కపేలాలు తింటోంది. అదే డ్రెస్సు.

"ఎవరన్న ఏమన్న అన్నరా?"

"మేడమ్ అడిగింది, గీ పసుపేందని."

"నువ్వేమన్నవ్?"

"మా డాడీ బట్టలు పిండిండు మేడమ్ అన్న."

"పిల్లలు నవ్విన్రా?"

"జర నవ్విన్రు. మా బెంచిల పిల్ల నవ్వలే. వాళ్ల డాడీకి బకెట్ ఏడుంటదో సుత తెల్వదన్నది." పాప ఇంకో గుప్పెడు పేలాలు నోట్లో వేసుకుంది. "మా డాడీ అయితే రెండు దిక్కుల ఎండేటట్టు తిరగేస్తడు అని చెప్పిన."

ఎంత గర్వంగా చెప్పిందో! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది. అక్కడే నిలబడి విద్యాధికారికి ఫోన్ చేసి, "ఇన్‌చార్జి తీసుకుంటాను సార్," అని చెప్పాను.

వాకిట్లో మా ఆయన తీగ మీది బట్టలు తీస్తున్నాడు. నా చీరను గోనె సంచి మడిచినట్టు నాలుగు మడతలు వేసి, పైన అరచేత్తో ఒక్కటి చరిచాడు. నా చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. పుల్ల ఆయన చేతిలో ఉంది.