మూడు రంగుల నీడలు

ఫాల్గుణ మాసం, మంగళవారం, పొద్దున్న పదకొండు గంటల పది నిమిషాలు. గుఢియారీలో రైలు పట్టాల పక్కనున్న మా ఇంట్లో, మా మనవరాలు తన డబ్బాను బల్ల మీద పెట్టింది. టిఫిన్ డబ్బాకంటే చిన్నది. సూక్ష్మదర్శినే, కానీ లెన్సు లేదు. పైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం బల్బులు పక్కపక్కనే ఉండి, ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. కింద కెమెరా చిప్పు స్లైడు నీడను పట్టుకుంటుంది. ఆ మూడు నీడల్నీ లెక్కగట్టి కంప్యూటరు రంగుల బొమ్మ చేస్తుంది.

ల్యాబు లేకపోయినా పనిచేస్తుందని చూపడానికి వాళ్ళ కాలేజీ సారుని ఇంటికే పిలిచింది. రంగు సరిగ్గా రాకపోతే సిల్తారా ఫ్యాక్టరీ కార్మికుల వైద్యశిబిరానికి డబ్బాను పంపేది లేదని ఆయన ముందే చెప్పేశాడు. పిల్లది మూడేళ్ళ చాకిరీ.

స్లైడు నాది. రోగపరీక్షల ల్యాబులో ఊడ్చేవాడిగా చేరి, స్లైడులకు రంగు వేయడం నేర్చుకున్నాను. నలభై దాటాక అక్షరాలు దిద్దింది కూడా స్లైడు మీద పేర్లు రాయడానికే. కణం మధ్యలో ఊదా, చుట్టూ గులాబి. నా చేతిలో అది తప్పదు.

డబ్బాలో నేనే పెట్టాను. తెర మీద ప్రతి కణానికీ మూడు నీడలు. ఎర్రది ఓ పక్క, నీలం ఓ పక్క.

“గూడ్సు బండి అదురు, సార్. ఏక్ మినిట్,” అంది పిల్ల. బండి పోయింది. మళ్ళీ తీసింది. అవే నీడలు.

సారు గడియారం చూసుకుని, “దాదాజీ, కలర్ కహాఁ హై?” అన్నాడు, రంగేదని.

“తాతా, నీ రంగే పాతదేమో.”

“నా రంగుకేటయిందే? నీ డబ్బాకే కళ్ళు లేవు!”

వంటింటి గుమ్మంలోంచి నా భార్య, “బస్, ఇక చాలు. పిల్లని పని చేసుకోనివ్వండి.” అంది.

నోరు మూసుకుని డబ్బా మీదికి వంగాను. స్లైడు చివర నా రాత తిన్నగా చదవడానికి వచ్చింది. రాత పైకుంటే కణాలూ పైనే ఉన్నట్టు. పాత సూక్ష్మదర్శినికి అదే పద్ధతి. దీనికి మాత్రం కణాలు చిప్పును ఆనుకుని కిందికి ఉండాలని పిల్ల రెండుసార్లు చెప్పింది. గాజు మందమంత ఎడం వచ్చినా చాలు, మూడు బల్బుల నీడలూ విడిపోతాయట. ఏళ్ళ తరబడి రాత నా కళ్ళకు కనిపించేలా పెట్టిన చెయ్యి ఆ రోజూ అలాగే పెట్టింది.

“తప్పు నాదే సార్. బోర్లా పెట్టాల. నాను ఎల్లకిలా పెట్టీసినాను.”

పిల్ల స్లైడు తిప్పి పెట్టింది. నా రాత అద్దంలోలా తిరగబడి కనిపించింది. బల్బులు వెలిగి ఆరాయి. తెర మీద నీడలు ఒకటయ్యాయి. మధ్యలో ఊదా, చుట్టూ గులాబి.

సారు తెర దగ్గరికి జరిగి చూశాడు. “శనివారం సిల్తారాకు డబ్బా తీసుకురా బేటీ,” అన్నాడు హిందీలో. “స్లైడు మాత్రం దాదాజీ చేతికివ్వకు.”

ఆ రోజు అక్కడున్నవాళ్ళు: మా మనవరాలు, వాళ్ళ సారు, గుమ్మంలో నా భార్య, నేను.