బోణీ బేరంలో క్లచ్ సెట్టు

సూరత్‌లో నాలుగు వేల రెండు వందలు చెప్పిన క్లచ్ సెట్టును రెండు వేల వందకు పట్టుకొచ్చినదాన్ని నేను. గుజరాతీ సేఠు దగ్గర, అతని కొట్లో, అతని భాష ముక్క రాకుండా, సగానికి సగం. నా జన్మలో ఇంతకంటే తెలివితక్కువ పని ఇంకోటి చేయలేదు. అయినా ఎవరికి చెప్పినా ధర దగ్గరే మొదలుపెడతాను. పుట్టుబుద్ధి.

మా నాయనది జగిత్యాల దిక్కు కిరాణా కొట్టు. నేను నడక నేర్చింది బెల్లం దిమ్మెలు పట్టుకుని, లెక్క నేర్చింది తక్కెడ ముందు కూచుని. గిరాకీ చెయ్యి జేబులోకి పోయే తీరు చూస్తే వాడు ఎంతదాకా వస్తాడో చెప్పగలను. ఈ విద్య వల్ల నా సంసారంలోకి ఏ వస్తువూ పూర్తి ధరకు రాలేదు. ఏ వస్తువూ పూర్తి కాలం నిలవలేదు కూడా.

కొట్టు మూతపడ్డాక మా తమ్ముడు సూరత్ పోయాడు. మా దిక్కు దుబాయ్ వీసాకు పైసలు పుట్టనివాళ్లకు సూరతే పరదేశం. పాస్‌పోర్టు అక్కర్లేదు, జనరల్ డబ్బాలో నిలబడే ఓపిక ఉంటే చాలు. లింబాయత్ సందుల్లో పవర్‌లూమ్ మీద ఏళ్లకేళ్లు పనిచేసి వాడు సంపాదించింది కిస్తీల మీద ఒక పాత ఏడు సీట్ల వ్యాను, పోగొట్టుకున్నది సగం చెవులు. వాడితో మాట్లాడాలంటే మొహానికి ఎదురుగా నిలబడి అరవాలి. నేను పోయిన ప్రతిసారీ గోడాదరాలో వాళ్ల గల్లీ మొత్తానికి మా ఇంటి గుట్టు తెలిసిపోతుంది.

పోయిన ఎండాకాలం సెలవులు అయిపోయే ముందు చూడ్డానికని పోయాను. వ్యాను గుమ్మం ముందు పడి ఉంది, క్లచ్ పోయి. అప్పుడే వాడికి ఒక పని కుదిరింది. హజీరా కంపెనీల్లో పనిచేసే ఆంధ్రా ఇంజనీర్లు నదికి అవతల ఉంటారు. వాళ్ల పిల్లల్ని బడికి దింపి తేవాలి. అందరి తరఫున మాట్లాడింది ఒక మేనేజరు. సోమవారం మొదటి రోజు, అది సరిగా జరిగితే ఏడాదంతా పని నీదే అన్నాడట. అది నిలిస్తే తమ్ముడు మళ్లీ మగ్గం మొహం చూడక్కర్లేదు. చూడకూడదు కూడా. ఇంకా ఆ మోతలో నిలబడితే మిగిలిన చెవులూ పోతాయని డాక్టరు చెప్పాడు. నిజానికి డాక్టరు చెప్పింది మరదలికి, వాడికి వినబడలేదు.

మరదలు ఇంట్లో కూచుని చీరలకు రాళ్లు అంటించి కూడబెట్టిన డబ్బు తెచ్చి నా ముందే తమ్ముడి చేతిలో పెట్టింది.

"కంపెనీదే తేండ్రి. బేరం కాకున్నా మంచిదే."

"బేరం చేయకుండ కొనేది పీనుగు మీద కప్పే గుడ్డ ఒక్కటే, ఓ పిల్లా," అన్నాను. అది మా నాయన మాట.

"గందుకే మీ నాయన కొట్టు గంత బాగ నడిచిందా వదినా?"

నేను విననట్టు ఉన్నాను. ఆ ఇంట్లో అది తేలిక.

శుక్రవారం సాయంత్రం ఉధనా దిక్కు స్పేర్ పార్టుల దుకాణాలకు పోయాం. మెడలో దారంతో కళ్లద్దాలు వేలాడేసుకున్న సేఠు ఒకాయన డబ్బా తెరిచి చూపించాడు. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు. నాలుగు వేల రెండు వందలు, కంపెనీ మాల్. నేను హిందీలో నా ప్రతాపమంతా చూపించాను. ఆడదాన్ని చూసి ఎక్కువ చెబుతున్నావన్నాను. పక్క దుకాణంలో రెండున్నరకే ఇస్తున్నారన్నాను, పక్క దుకాణంలో టైర్లు తప్ప ఏమీ లేవని తెలిసి కూడా. చివరికి, మాదీ కొట్టే, నేనూ గల్లా పక్కన పెరిగినదాన్నే అన్నాను.

"అట్లయితే నీకు చెప్పేదేముంది బెన్," అన్నాడు సేఠు, చెల్లెలిని పిలిచినట్టు. "ఏ ధరకు ఏ సరుకో నీకే తెలుసు."

మెట్లు దిగి నడిచాను. వెనక నుంచి పిలుపు రావాలి. అది రూలు. రాలేదు. మలుపుదాకా కాళ్లు ఈడ్చుకుంటూ నడిచినా రాలేదు. తమ్ముడు, "తీసుకుందాం అక్కా, నాకు సోమవారం బండి గావాలె," అని రోడ్డు మీద అరిచాడు. నాకు సోమవారం గుర్తులేదు. ఒక కొట్టువాడు నన్ను వెనక్కి పిలవలేదన్న సంగతి ఒక్కటే గుర్తుంది.

షేర్ ఆటోలో ఎవరిదో మోకాలు నా డొక్కలో పొడుస్తుండగా ఉపాయం తట్టింది. బోణీ. గుజరాతీలో కూడా దాన్ని బోణీ అనే అంటారు. పొద్దున షట్టరు ఎత్తగానే వచ్చిన మొదటి గిరాకీని ఏ కొట్టువాడూ ఖాళీ చేతులతో పంపడు. పంపితే ఆ రోజంతా ఈగలు తోలుకోవాల్సిందే. నష్టానికైనా అమ్ముతాడు. ఇది పుస్తకాల్లో ఉండదు, కొట్లో పుట్టినవాళ్లకే తెలుస్తుంది.

శనివారం సేఠు తాళం తీసేటప్పటికే నేను మెట్ల మీద ఉన్నాను. అగరబత్తి వెలిగించి దేవుడి పటం ముందు తిప్పుతున్నాడు. ఇరవై ఒక్క వంద నోట్లు గాజు బల్ల మీద పరిచాను.

"బోణీ," అన్నాను.

సేఠు నోట్లను చూశాడు, నన్ను చూశాడు. "శనివారం పూట పొద్దున్నే ఇట్లా చేయొద్దు బెన్."

"నేనేం చేశా? డబ్బులు పట్టుకుని వచ్చా. వద్దని పంపేది నువ్వు."

వెనక ఎవడో స్కూటరు బల్బు కోసం వచ్చాడు. వాడి బేరం బోణీ కాకుండా గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. తమ్ముడు సిగ్గుతో రోడ్డు అవతలికి పోయి నిలబడ్డాడు. అగరబత్తి సగం కాలింది. సేఠు నిట్టూర్చి, నిన్న చూపించిన బీరువా వైపు కాకుండా లోపలి గదిలోకి పోయి డబ్బా తెచ్చాడు. అదే రంగు, అదే బొమ్మ. నోట్లు కళ్లకద్దుకుని గల్లాలో వేసి నా వైపు చూసి కొంచెం నవ్వాడు. ఆ నవ్వు నేను ఎక్కడో చూశాను. ఎక్కడా అని ఆలోచించే తీరిక లేదు, గెలిచాను కదా.

బయట తమ్ముడు డబ్బాను అటూ ఇటూ తిప్పాడు. "దీని మీద సీలు లేదక్కా."

"సీలు నడుపుతవారా, వ్యాను నడుపుతవా?"

డిండోలిలో మెకానిక్ గేర్‌బాక్స్ దింపి బిగించడానికి పన్నెండు వందలు అన్నాడు. వెయ్యికి దించాను. చెయ్యి తిరిగి ఉంది ఆ రోజు. బిగించాక తమ్ముడు క్లచ్ తొక్కితే కింద నుంచి సన్నగా కీచుమని చప్పుడు వచ్చింది. మెకానిక్ నా మొహం చూశాడు. వెయ్యికి ఒప్పుకున్నవాడు నోరెందుకు విప్పుతాడు?

"మంచిగున్నదా అక్కా? ఏమన్న సప్పుడు వస్తుందా?" అని అడిగాడు తమ్ముడు. వాడికి వినబడదు కాబట్టి నా చెవుల్ని నమ్ముకున్నాడు.

"ఏం లేదు. మంచిగున్నది," అని అరిచాను.

ఇంటి దగ్గర మరదలు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. బండి కదలగానే తల ఎత్తింది. "ఏంది వదినా, గా సప్పుడు?"

"కొత్త సామాను గద. జర కీచుమంటది, కొత్త కోడలి లెక్క."

"మీ ఇంట్ల కొత్త కోడలు కీచుమంటే ఊకున్నరా? నాకు తెల్వదా?" అంది. కానీ మిగిలిన డబ్బు చేతిలో పెట్టేసరికి ఊరుకుంది. ఆ పూట నాకు పరమాన్నం వండింది.

సోమవారం ముందు సీట్లో నేనూ కూచున్నాను. నా క్లచ్ మీద నా ఊరేగింపు. అవతలి ఒడ్డున పిల్లల్ని ఎక్కించుకున్నాం. బూట్లు, బ్యాగులు, నీళ్ల సీసాలు, బండి నిండిపోయింది. ఫ్లైఓవరు ఎక్కుతుంటే ఇంజను గొంతు చించుకుంది, బండి మాత్రం నెమ్మదించింది. కాలిన వాసన వచ్చింది. తమ్ముడు ఇంకా తొక్కాడు. ఇంజను అరుస్తోంది, బండి వెనక్కి జారుతోంది. వాడికి అరుపు వినబడలేదు, జారడం తెలిసింది. హ్యాండ్‌బ్రేకు లాగాడు. వెనక హారన్లు మొదలయ్యాయి. పిల్లల్లో ఒకడు ముక్కు మూసుకుని, "అంకుల్ బండికి మోషన్స్," అన్నాడు. అందరూ నవ్వారు.

ఎవరి అమ్మో ఫోన్ చేసింది కాబోలు, మేనేజరు కారులో వచ్చాడు, ఇంకో కారును వెంటబెట్టుకుని. కోపం లేదు. పిల్లల్ని ఎక్కించి, అద్దం దించి, మెత్తగా అన్నాడు.

"చూడు బాబూ, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"ఆఁ సార్?" అన్నాడు తమ్ముడు, చెవి ముందుకు పెట్టి.

"రానక్కర్లేదు అంటున్నాను."

"రేపు ఎన్ని గంటలకు సార్?"

మూడోసారి ఆయన అరవాల్సి వచ్చింది. ఫ్లైఓవరు మీద ఆగిన జనమంతా విన్నారు. అప్పుడు తమ్ముడికి వినబడింది. "అట్లనే సార్," అన్నాడు. దండం కూడా పెట్టాడు.

టోయింగ్ బండి వ్యానును డిండోలికి ఈడ్చుకుపోయింది. మెకానిక్ విప్పాడు. ప్లేటు మీది పొర మాడిన రొట్టెలా ఊడి చేతికొచ్చింది. దాన్ని గుడ్డలో చుట్టుకుని సేఠు దగ్గరికి పోయాను. ఆయన చాయ్ తెప్పించాడు.

"బోణీ సరుకు వాపసు తీసుకోం బెన్. కొట్టు నిలవదు."

"దగా చేశావు."

"శనివారం కంపెనీ మాల్ అని నువ్వు అడిగావా? నేను చెప్పానా? ధర ఒక్కటే మాట్లాడావు, ధరకు తగ్గ సరుకు ఇచ్చాను." చాయ్ గ్లాసు నా వైపు జరిపాడు. "మీ నాయన తీసుకునేవాడా వాపసు?"

తీసుకునేవాడు కాదు. అప్పుడు గుర్తొచ్చింది ఆ నవ్వు. మా కొట్లో గల్లా వెనక ఒక చిన్న బస్తా వేరే ఉండేది, పుచ్చిన కందిపప్పుది. బోణీ పేరు చెప్పి పొద్దున్నే పీక మీద కూచునేవాళ్ల కోసం మా నాయన ప్రత్యేకంగా పెట్టిన సరుకు. దాంట్లోంచి కొలిచి పోసేది నేనే. వాళ్లు గెలిచామని మెట్లు దిగుతుంటే మా నాయన డబ్బులు కళ్లకద్దుకుని నవ్వేవాడు. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. ఉపాయం గుర్తుపెట్టుకుని బస్తాను మరిచిపోయాను.

నాలుగు వేల రెండు వందలకే కంపెనీ సెట్టు కొన్నాను. అప్పటికి మధ్యాహ్నం దాటింది. పైసా తగ్గించలేదు, నేనూ అడగలేదు. మెకానిక్ ఈసారి పన్నెండు వందలకు ఒక్క రూపాయి కూడా దిగలేదు.

ఇక లెక్క. మొదటి సెట్టు రెండు వేల వంద, బిగింపు వెయ్యి. టోయింగ్ పదిహేను వందలు. రెండో సెట్టు నాలుగు వేల రెండు వందలు, బిగింపు పన్నెండు వందలు. మొత్తం పది వేలు. శుక్రవారమే నోరు మూసుకుని కొని ఉంటే ఐదు వేల నాలుగు వందల్లో పోయేది. తేడా నాలుగు వేల ఆరు వందలు నేనే ఇచ్చాను. వద్దంటుందేమో అనుకున్నాను. మరదలు నా ముందే లెక్కపెట్టుకుని తీసుకుంది, ఒక నోటు చిరిగిందని మార్చమంది కూడా.

వ్యాను కిస్తీలు కట్టలేక దీపావళికి ముందే అమ్మేశారు. నాకు చెప్పకుండా అమ్మారు. క్లచ్ కొత్తదని చూసి కొన్నవాడు అడిగినంత ఇచ్చాడట. ఇప్పుడు ఆ ఇంజనీర్ల పిల్లలు అదే వ్యానులో బడికి పోతున్నారు. తమ్ముడు మళ్లీ లింబాయత్‌లో తన పాత యజమాని దగ్గర మగ్గాల మధ్య నిలబడ్డాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఫోన్ చేస్తే మరదలే ఎత్తుతుంది. "ఆయనకు ఇనబడదు వదినా, నాకు చెప్పుండ్రి," అంటుంది.

కాబట్టి పోయింది నాలుగు వేల ఆరు వందలు, ఒక పని, ఒక వ్యాను, ఒక చెవి. వచ్చింది, మొదటిసారి మెకానిక్ దగ్గర తగ్గించిన రెండు వందలు. అవి పైన లెక్కలో తీసేసే చెప్పాను.