బావ రుద్దిన కళ్ళజోళ్ళు

మా అక్క భర్త, కూర్మన్నపాలెం బావ, పోయిన నెల గుండెపోటుతో చనిపోయాడు. పొద్దున్నే ఫోన్ మోగితే, మంచం పక్కనుండే పాత కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఎవరి పేరో కనబడలేదు. ఎలా కనబడుతుంది? ఆ జోడు ఒకప్పుడు బావ చేతిలో పడింది. ఎడమ అద్దం మీద వెంట్రుకంత గీత ఉంటే, పోగొడతానని పేస్టు పెట్టి రుద్ది రుద్ది, అద్దం మొత్తాన్ని పొగపట్టినట్టు చేసి ఇచ్చాడు. ఫోనెత్తాక అక్క గొంతు వినబడింది. బావ లేడన్న మాట విన్నప్పుడు ఆ మసక అద్దాలే నా ముక్కు మీదున్నాయి. ఆ మనిషి మీద నాకు విసుగు లేని రోజు లేదు. పోయినా తగ్గలేదు.

బావ స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. రిటైరైన వాళ్ళు మొక్కలు పెంచుతారు, గుళ్ళకు వెళ్తారు, పేపరు రెండుసార్లు చదువుతారు. ఈయన గీతలు పడ్డ కళ్ళజోళ్ళు బాగుచేయడం మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ అద్దాల మీద గీతలు ఇంట్లో సరుకులతోనే పోతాయని ఎవరు చెప్పారో గానీ, ఆ చెప్పినవాడు నాకింతవరకు దొరకలేదు. వరండాలో కుర్చీ, పక్కన స్టూలు, దాని మీద మగ్గుతో నీళ్ళు, పాత బనియన్ గుడ్డలు, టూత్‌పేస్టు. పేస్టు తెల్లదే అయ్యుండాలి. రంగుల జెల్లు పనికిరాదట, దానికి పట్టుండదట. పేస్టుకు లొంగకపోతే వంటసోడా ముద్ద. దానికీ లొంగకపోతే విభూతి. ఆ పైన స్కూటర్‌కి రాసే పాలిష్. ఒకసారి పక్కింటావిడ దగ్గర గోళ్ళరంగు తుడిచే నీళ్ళు అడిగి తెచ్చి పోస్తే అద్దం అంచు మెత్తబడి కూర్చుంది. అది అద్దం తప్పేనన్నాడు.

ఆ ఇంటికి ఎవరెళ్ళినా కాఫీ కంటే ముందు కళ్ళజోడు అడిగేవాడు. నేను గోపాలపట్నం నుంచి బస్సులో వచ్చి, గేటు బయటే కళ్ళజోడు తీసి జేబులో దాచుకునేవాణ్ణి. లోపలికి నడుస్తుంటే స్కూటర్ స్టాండు మోకాలికి కొట్టుకునేది. జోడు ఇంట్లో మర్చిపోయానని నేను అబద్ధం చెబితే, బావ నా జేబు వైపు చూసి నవ్వేవాడు. నన్నూ ఆయన బావా అనే పిలిచేవాడు.

"మరి బస్సు నెంబరెలా సూసావు బావా?"

జోడు ఆయన చేతికి వెళ్ళిపోయేది.

ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని కాదనలేను. మాకు దుమ్ముకి కొదవ లేదు. పొద్దున్న తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు. ఆ దుమ్ముతోనే మేమందరం చొక్కా అంచుతోనో, లుంగీ కొసతోనో అద్దాలు తుడిచేస్తుంటాం. బావ కంటపడితే ఊరుకునేవాడు కాదు. "ముందు కడగాల, తరవాతే తుడవాల. ఎండు గుడ్డెట్టి తుడిత్తే దుమ్మే గీసేత్తాది," అనేవాడు. అద్దాన్ని కుళాయి కింద పట్టి, సబ్బు చేత్తో మెల్లగా నిమిరి, నీళ్ళు దులిపి, అప్పుడు మెత్తటి గుడ్డ తీసేవాడు. నేనిప్పటికీ అలాగే చేస్తాను. అంత శ్రద్ధగా కడిగిన మనిషి ఆ వెంటనే పేస్టు మూత తీసేవాడు చూడండి, అక్కడ నా తల తిరిగిపోయేది.

కళ్ళజోళ్ళ షాపతన్ని అడిగితే విడమరిచి చెప్పాడు. రుద్దితే గీత పోదట. చుట్టూ ఉన్న పూత కూడా అరిగిపోయి, గీత ఏదో మిగతాది ఏదో తెలియకుండా పోతుందట. నేను పరుగున వెళ్ళి బావకు చెప్పాను. అద్దాలమ్ముకునేవాడు పాత అద్దం బాగవుతుందని ఎందుకు చెబుతాడని ఎదురడిగి, నా జోడు ఇమ్మన్నాడు.

పోయినేడాది బావ సొంత అద్దం మీదే గీత పడింది. కుడివైపు. రోజూ పొద్దున్నే రుద్దేవాడు, సాయంత్రానికి మళ్ళీ ఉందనేవాడు. విసిగిపోయి కొత్త అద్దం వేయించుకున్నాడు. వారం తిరక్కుండా దాని మీదా గీతేనన్నాడు. అక్క ఆ జోడు తీసుకుని వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీత అద్దానికి లేదు, మీ కంటికుంది. ఎన్నాల్లు రుద్దుతారేటి?"

బావ ఆ పూట అన్నం తినలేదు. అక్క పేస్టు దాచేసి ఇంట్లో పళ్ళపొడి పెడితే, పళ్ళపొడితో రుద్దాడు. అక్కకు నవ్వులాట కాదు. పెద్ద జంక్షన్లో లారీల మధ్య నుంచి రోజూ రోడ్డు దాటే మనిషి ఆయన. ఏ రోజు ఏ కబురు వస్తుందోనని ఆమె గేటు దగ్గర నిలబడేది. నన్ను పిలిపించి, ఎలాగైనా ఆసుపత్రికి ఒప్పించమంది.

ఒప్పించబోతే అసలు సంగతి బయటపడింది. క్రేన్ నడిపేవాళ్ళకు కంటి పరీక్ష ఉంటుంది. తప్పితే క్రేన్ దిగి కింద పని చేసుకోవాలి. పైన కూర్చున్న వాళ్ళకు అంతకు మించిన అవమానం లేదు. అందుకని వాళ్ళల్లో వాళ్ళకు ఒక కట్టుబాటు. "కన్ను బాగోలేదనకూడదు బావా. అద్దం బాగోలేదనాల. అద్దమైతే మారుత్తారు, కన్నయితే మనల్నే మారుత్తారు," అన్నాడు. ఉద్యోగమున్నన్నాళ్ళూ అలాగే గడిపాడట. ఇప్పుడు నిన్ను ఏ క్రేన్ మీంచి దింపుతారు బావా అని నేను అరిచాను. ఆయన వినిపించుకోలేదు. పళ్ళపొడి కోసం చెయ్యి చాపాడు.

చివరికి ఒప్పించింది నేనూ కాదు, డాక్టరూ కాదు. ఒక మధ్యాహ్నం అక్క కూరగాయల సంచితో బజారు నుంచి వచ్చింది. గేటు దగ్గరున్న బావ లేచి నిలబడి, "ఎవులు కావాలమ్మా?" అని అడిగాడు. అక్క సంచి కింద పెట్టి నిలబడిందట. ఆ సాయంత్రం బావ నాకు ఫోన్ చేశాడు.

"బావా, అద్దం కాదు," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

శుక్లం తీశారు. కట్టు విప్పి ఇంటికొచ్చాక, చెయ్యి ఊరుకోక, అక్క కళ్ళజోడు అడిగి తీసుకున్నాడు. నేనక్కడే ఉన్నాను. వెలుతురుకెత్తి చూశాడు. రెండు అద్దాలూ గంజి ఆరబెట్టినట్టున్నాయి. ఎన్నోసార్లు తనే తోమిన అద్దాలవి. చాలాసేపు అలాగే చూసి అడిగాడు.

"ఇన్నాల్లూ దీన్లోంచేనా సూత్తన్నావు? సెప్పవేటి?"

"సెప్తే మల్లీ రుద్దుతారని," అంది అక్క.

నేను పగలబడి నవ్వాను. బావ నవ్వలేదు. చొక్కా వేసుకుని, ఆ ఎండలోనే అక్కని షాపుకి తీసుకెళ్ళి కొత్త జోడు చేయించాడు. ఆ తర్వాత ఎవరి కళ్ళజోడూ అడగలేదు. నేను జేబులో దాచుకోకుండా వెళ్ళినా అడగలేదు. తిన్నగా కాఫీ ఇచ్చేవాడు. అదీ నాకు నచ్చలేదు.

బాగా కనబడే కళ్ళతో ఆయన బతికింది కొద్ది నెలలే. అన్నాళ్ళూ వృథాగా రుద్దుతూ కూర్చోకుండా ముందే వెళ్ళుంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ కోపమొస్తుంది. ఆ కోపం వినడానికి మనిషి లేడు.

పెద్దకర్మ అయ్యాక మళ్ళీ కూర్మన్నపాలెం వెళ్ళాను. వరండాలో బావ కుర్చీ అక్కడే ఉంది. దానికెదురుగా గడప మీద అక్క కూర్చుని ఉంది. ముఖానికి ఆ పాత మసక జోడే ఉంది. నాకు ఒళ్ళు మండింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇంతేనా అనుకుని, కొత్తవి ఏం చేశావని గట్టిగానే అడిగాను.

"బీరువాలో ఎట్టాను. ఆటితో సూత్తే ఆ కుర్చీ మరీ తేటగా కనబడతంది తమ్ముడూ."

అక్క లేచి కుళాయి దగ్గరికి వెళ్ళింది. జోడు తీసి, నీళ్ళ కింద పట్టి, సబ్బు చేత్తో మెల్లగా నిమిరింది. నీళ్ళు దులిపాక స్టూలు మీది బనియన్ గుడ్డ తీసి తుడిచింది. మళ్ళీ పెట్టుకుని, వచ్చి గడప మీద కూర్చుని, కుర్చీ వైపు చూసింది.